వేగం వేరు, వేళ వేరు

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు సెకనుకు 27.8 మీటర్లు కదులుతుంది. మిల్లీసెకనుకు, అంటే సెకనులో వెయ్యోవంతుకు, దాదాపు 2.8 సెంటీమీటర్లు. తడి రోడ్డు మీద డ్రైవరు బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం బిగుసుకుపోయి జారడం మొదలుపెడుతుంది. చక్రాలు అలా బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌లో ఉండే చిన్న కంప్యూటరు ఆ సంగతి పసిగట్టి, ఆ ఒక్క చక్రం మీద ఒత్తిడి తగ్గించి, అది మళ్లీ తిరగగానే ఒత్తిడి పెంచాలి. ఈ లెక్క 10 మిల్లీసెకన్లు ఆలస్యమైతే ఆలోపు బండి 28 సెంటీమీటర్లు ముందుకు పోయి ఉంటుంది. చేతికొచ్చిన జవాబు ఇందాకటి చక్రానిది, ఇప్పటిది కాదు. ఎయిర్‌బ్యాగ్ విషయంలో ఇంకా కఠినం. బండి గుద్దుకున్నాక 15 నుంచి 30 మిల్లీసెకన్లలోపే సంచి తెరవాలా వద్దా అన్నది తేలిపోవాలి. ఆలస్యంగా తెరుచుకున్న సంచి, అప్పటికే ముందుకు వాలిపోయిన తలను ఎదురొచ్చి కొడుతుంది. ఇంజనులో గడువులు మరీ చిన్నవి. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజనులో క్రాంకు షాఫ్టు ఒక డిగ్రీ తిరగడానికి పట్టే సమయం 27.8 మైక్రోసెకన్లు. మంట పుట్టించే క్షణం ఆ కొలతలో కుదరాలి.

ఇలా యంత్రం కడుపులో కూర్చుని, బయటి ప్రపంచం నడకతో పాటు నడవాల్సిన కంప్యూటర్లను రియల్-టైమ్ వ్యవస్థలంటారు. వీటికి జవాబు సరిగ్గా ఉంటే చాలదు, గడువులోపల రావాలి కూడా. చాలామంది, సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నవాళ్లు సైతం, దీన్ని వేగం సమస్యగానే చూస్తారు. ఇంకా వేగమైన చిప్ వేస్తే సరిపోతుందంటారు. వేగమైన చిప్ సగటును తగ్గిస్తుంది. ఏబీఎస్‌కు సగటుతో పని లేదు. వెయ్యిసార్లలో 999 సార్లు 2 మిల్లీసెకన్లలో ముగిసి, ఒక్కసారి 40 మిల్లీసెకన్లు తీసుకునే ప్రోగ్రాము సగటున భేషుగ్గా ఉంటుంది, ప్రమాదం మాత్రం ఆ ఒక్కసారిలోనే ఉంటుంది. ఈ రంగంలో అన్నిటికన్నా ముందు అడగాల్సిన అంకె ఒక్కటే: అన్నీ ఎదురుతిరిగిన రోజున ఎంతసేపు పడుతుంది?

దీనికి నాకు తెలిసిన అత్యుత్తమ ఉదాహరణ, ఇవాళ్టి లెక్కల్లో అతి నెమ్మదైన ఒక కంప్యూటరు.

ప్రతి సెకనులో 15 శాతం మాయం

1969 జులై 20. అపోలో-11 ల్యూనార్ మాడ్యూల్ చంద్రుడి మీదికి దిగుతోంది. అందులోని గైడెన్స్ కంప్యూటరుకు రాసి చెరపగలిగే మెమరీ 2,048 పదాలు, ముందే నేసిపెట్టిన స్థిర మెమరీ 36,864 పదాలు. మెమరీని ఒకసారి తాకడానికి 11.72 మైక్రోసెకన్లు పట్టేది. సెకనుకు 85 వేల చిల్లర సార్లన్నమాట. మన జేబులో ఉన్న ఫోను సెకనుకు వందల కోట్ల అడుగులు వేస్తుంది. అయినా ఫోనులో ఒక యాప్ అరసెకను బిగుసుకుపోతే మనం పెద్దగా పట్టించుకోం. చంద్రుడి మీదికి దిగుతున్న కంప్యూటరుకు ఆ వెసులుబాటు లేదు.

దాని ముందు రెండు పెద్ద గడువులున్నాయి. ఆటోపైలట్ ప్రతి 100 మిల్లీసెకన్లకు ఒకసారి లేచి, నౌక ఎటు ఒరిగిందో చూసి, చిన్న రాకెట్లను మండించి సరిచేయాలి. సర్వీసర్ అనే మరో పెద్ద పని 2 సెకన్లకోసారి మొదలై, వేగం, ఎత్తు లెక్కగట్టి, కింది ఇంజను ఎంత బలంతో, ఏ దిక్కుగా మండాలో తేల్చాలి. వీటి వెనక వ్యోమగాములకు తెర మీద అంకెలు చూపించడం లాంటి పనులు వరసలో ఉంటాయి. ఎంఐటీలో హాల్ లానింగ్ రూపొందించిన ఎగ్జిక్యూటివ్ అనే ప్రోగ్రాము ప్రతి పనికీ ఒక ప్రాధాన్యం కట్టి, అన్నిటికన్నా పెద్ద అంకె ఉన్న పనికి ప్రాసెసర్‌ను అప్పగించేది. 1960ల మధ్యలో ఇది చాలా కొత్త ఆలోచన. పనులన్నిటినీ ఒక స్థిరమైన వరసలో, ఒకదాని తరవాత ఒకటిగా తిప్పడమే అప్పటి వాడుక.

దిగే దశలో రాండెవూ రాడార్‌తో పని లేదు. తిరిగి పైకి లేచాక మాతృనౌకను వెతుక్కోవడానికే అది. కానీ దాని స్విచ్ ఉన్న స్థితి వల్ల రాడార్ యాంటెన్నా కోణాలను కొలిచే ఎలక్ట్రానిక్స్‌కు, కంప్యూటరు వైపు సరఫరాకు మధ్య పొత్తు కుదరలేదు. రెండూ 800 హెర్ట్జ్ విద్యుత్తే. ఫ్రీక్వెన్సీ కలిసింది, ఫేజు కలవలేదు. దాంతో యాంటెన్నా కదలకుండా ఉన్నా, కదులుతున్నట్టు కంప్యూటరుకు పల్సులు వచ్చిపడ్డాయి. కోణాలు రెండు. ఒక్కోదాని నుంచి సెకనుకు 6,400 పల్సులు. ప్రతి పల్సునూ లెక్కలో కలపడానికి ప్రాసెసర్ ఒక మెమరీ సైకిల్ వదులుకోవాలి. లెక్క కట్టండి: 12,800ను 11.72 మైక్రోసెకన్లతో హెచ్చవేస్తే 0.15 సెకను. ప్రతి సెకనులో 15 శాతం, ఎవరూ అడగని పనికి పోయింది.

ఆ దశకు ఉంచుకున్న మిగులు ఆ దెబ్బకు హరించుకుపోయింది. దానికి తోడు వ్యోమగామి ఆల్డ్రిన్ ఎత్తు లెక్కల్లో తేడా చూసుకుందామని ఒక అదనపు డిస్‌ప్లే అడిగారు. రెండు సెకన్లలో ముగియాల్సిన సర్వీసర్ ముగియలేదు. పాతది ఇంకా నడుస్తుండగానే కొత్తది మొదలైంది. ప్రతి పనీ తన వివరాలు దాచుకోవడానికి మెమరీలో ఒక గడి పట్టుకుంటుంది. ఉన్నవి కొద్దిపాటి గళ్లు. అవి నిండిపోగానే 1202 అలారం మోగింది. అప్పటికి నౌక ఎత్తు సుమారు 10 కిలోమీటర్లు, దిగడానికి ఉన్న సమయం ఏడు నిమిషాలకు కాస్త ఎక్కువ.

ఇక్కడే ఆ ప్రోగ్రాము రాసినవాళ్ల ముందుచూపు కనిపిస్తుంది. గళ్లు నిండిపోతే కంప్యూటరు చేతులెత్తేయదు. వరసలో ఉన్నవన్నీ తుడిచేసి, మళ్లీ మొదలుపెట్టుకుని, తప్పనిసరి అని ముందే గుర్తు పెట్టుకున్న పనులను మాత్రం ఆగినచోటు నుంచి లేపుతుంది. గైడెన్స్ లేచింది, ఆటోపైలట్ లేచింది. ఆల్డ్రిన్ అడిగిన డిస్‌ప్లే లేవలేదు. భారం తగ్గింది, గడువులు మళ్లీ చేతికందాయి. దిగేలోపు 1202 నాలుగుసార్లు, 1201 ఒకసారి వచ్చాయి. నౌక అదుపు తప్పలేదు.

హ్యూస్టన్‌లో గైడెన్స్ అధికారి స్టీవ్ బేల్స్‌కు అప్పుడు 26 ఏళ్లు. వెనకగదిలో ఆయనకు సాయంగా ఉన్న జాక్ గార్మన్‌కు 24. ప్రయాణానికి కొన్ని రోజుల ముందు జరిగిన ఒక సిమ్యులేషన్‌లో ఇలాంటి అలారమే చూసి బేల్స్ దిగడం రద్దు చేయించారు. రద్దు అవసరం లేదని తరవాత తేలింది. దాంతో ఫ్లైట్ డైరెక్టర్ జీన్ క్రాంజ్, ఏ అలారానికి ఏం చేయాలో అన్నిటికీ జాబితా రాసిపెట్టమన్నారు. అసలు రోజున గార్మన్ ముందు చేత్తో రాసుకున్న ఆ జాబితా ఉంది. మాటిమాటికీ రాకపోతే ముందుకు సాగవచ్చన్నది అందులోని జవాబు. కొద్ది సెకన్లలో ఆ జవాబు పైకి చేరింది. భారత కాలమానం ప్రకారం జులై 21 అర్ధరాత్రి దాటాక 1.47కు నౌక నేల తాకింది.

మిగులు ఎంత ఉంచాలి, అది కూడా చాలకపోతే ముందుగా ఏ పనిని వదిలేయాలి అన్న రెండు ప్రశ్నలకూ నేల మీద ఉన్నప్పుడే జవాబు రాసుకున్నారు కాబట్టే ఆ కంప్యూటరు నెగ్గింది. చిప్ వేగం పాత్ర అందులో లేదు.

69.3 శాతం, ఒక మిల్లీసెకను

అపోలో ఇంజినీర్లు అనుభవంతో, సిమ్యులేషన్లతో చేసిన పనికి నాలుగేళ్ల తరవాత గణితం దొరికింది. 1973 జనవరిలో సి.ఎల్. లియు, జేమ్స్ లేలాండ్ అనే ఇద్దరు ఒక పరిశోధనాపత్రం ప్రచురించారు. లేలాండ్ నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో పనిచేసేవారు. వాళ్లు వేసుకున్న ప్రశ్న సూటిగా ఉంది: క్రమం తప్పకుండా మళ్లీమళ్లీ వచ్చే పనులు కొన్ని ఉన్నాయి, ప్రాసెసర్ ఒక్కటే. ఎంత భారం వరకు ఏ పనీ గడువు దాటదని హామీ ఇవ్వగలం?

ఎక్కువ తరచుగా వచ్చే పనికి పెద్దపీట వేసే పద్ధతిలో జవాబు ఇది. పనులు రెండైతే 82.8 శాతం భారం వరకు హామీ ఉంటుంది. మూడైతే 78 శాతం. పనుల సంఖ్య పెరిగేకొద్దీ ఆ హద్దు 69.3 శాతం దాకా దిగి అక్కడ నిలుస్తుంది. ఆ హద్దు దాటితే తప్పకుండా విఫలమవుతుందని కాదు, హామీ ఉండదని. విడిగా లెక్క చేసి చూసుకోవాలి.

ఆ విడి లెక్కను ఒకసారి చేసి చూద్దాం. పెన్ను, కాగితం చాలు. మొదటి పని ప్రతి 10 మిల్లీసెకన్లకు వస్తుంది, 4 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. రెండోది ప్రతి 15 మిల్లీసెకన్లకు వస్తుంది, 8 తీసుకుంటుంది. తరవాతి వంతు వచ్చేలోపు దేనికది ముగియాలి. భారం 40 శాతం, 53.3 శాతం కలిపి 93.3 శాతం. ఇంకా దాదాపు 7 శాతం సమయం ఖాళీ. అంతా సవ్యంగా ఉన్నట్టే ఉంది కదా.

రెండూ సున్నా దగ్గర ఒకేసారి వచ్చాయి. మొదటిది తరచుగా వచ్చేది కాబట్టి ముందు దానిదే, 0 నుంచి 4 వరకు. 4 నుంచి 10 వరకు రెండోది నడిచింది, ఇంకా 2 మిగిలింది. 10 దగ్గర మొదటి పని మళ్లీ వచ్చి, రెండోదాన్ని పక్కకు నెట్టి, 14 వరకు నడిచింది. రెండో పని మిగతా రెండూ పూర్తిచేసుకుని 16 దగ్గర ముగిసింది. గడువు 15. ప్రాసెసర్‌కు తీరిక ఉండగానే ఒక మిల్లీసెకను ఆలస్యం.

ఇప్పుడు నియమం మార్చి, ఎవరి గడువు దగ్గరుంటే వాళ్లకు ముందు అనుకుందాం. 10 దగ్గర మొదటి పని మళ్లీ వచ్చినా దాని గడువు 20. రెండోదాని గడువు 15, కాబట్టి అది ఆగదు, 12కే ముగుస్తుంది. మొదటిది 12 నుంచి 16. ఇలా 30 వరకు వేసి చూస్తే ఏ పనీ గడువు దాటదు. అదే చిప్, అదే పనిభారం, వరస మాత్రమే మారింది. ఈ రెండో పద్ధతిలో హామీ 100 శాతం భారం దాకా ఉంటుందని కూడా ఆ పత్రమే నిరూపించింది. మరి అందరూ దీన్నే ఎందుకు వాడరంటే, భారం నూరు దాటిన రోజున ఏ పని గడువు తప్పుతుందో ఈ పద్ధతిలో ముందుగా చెప్పడం కష్టం. స్థిర ప్రాధాన్యాల పద్ధతిలోనైతే ముందు దెబ్బతినేది అడుగున ఉన్న పనే. బ్రేకులు, విమానాలు చేసేవాళ్లకు ఆ ముందస్తు ఎరుక చాలా విలువైనది. నా మొగ్గు కూడా అటే.

4 మిల్లీసెకన్లని ఎవరు చెప్పారు?

పై లెక్కలో ఒక పని 4 మిల్లీసెకన్లు తీసుకుంటుందని తేలిగ్గా అనేసుకున్నాం. అసలు కష్టమంతా ఆ 4 దగ్గరే ఉంది. ప్రోగ్రాములో ఒక దారి చిన్నది, ఇంకో దారి పొడుగుది. కావలసిన డేటా ప్రాసెసర్ పక్కనే క్యాష్‌లో ఉంటే కొన్ని నానోసెకన్లు, లేకపోతే దూరపు మెమరీకి వెళ్లి రావాలి, దానికి అనేక రెట్లు. మధ్యలో ఇంటరప్టులు వచ్చిపడతాయి. రెండు కోర్లు ఒకే మెమరీ దారి మీద పోటీపడతాయి. సగటు వేగం పెంచడానికి చిప్ తయారీదారులు చేసిన ప్రతి మెరుగుదలా, అతి చెడ్డ సందర్భాన్ని లెక్కగట్టడాన్ని మరింత కష్టం చేసింది.

దీన్ని కళ్లారా చూసే ఒక పాత పద్ధతి ఉంది. మైక్రోకంట్రోలర్‌లో వాడకుండా మిగిలిన ఒక పిన్ తీసుకుని, పని మొదలవగానే దాన్ని పైకి లేపి, ముగియగానే కిందికి దించేలా రెండే రెండు వరసలు రాస్తారు. ఆ పిన్‌కు ఆసిలోస్కోప్ తగిలిస్తే తెర మీద గుమ్మంలా ఒక పల్సు కనిపిస్తుంది. దాని వెడల్పే ఆ పని తీసుకున్న సమయం. పాత గీతలు చెరగకుండా ఒకదాని మీద ఒకటి నిలిచిపోయేలా స్కోప్‌ను పెట్టి గంటలకొద్దీ వదిలేస్తే, పల్సు కుడి అంచు ఒక గీతలా కాకుండా మసకబారిన పట్టీలా పరుచుకుంటుంది. ఆ పట్టీకి ఎడమ చివర మంచిరోజు, మధ్యలో దట్టంగా ఉన్నచోట సగటు, కుడి చివర దూరంగా ఒంటరిగా నిలిచిన ఒకటి రెండు సన్నని గీతలు. మొత్తం డిజైన్ నిలబడాల్సింది ఆ ఒంటరి గీతల మీద. వాటికి కూడా పైన కొంత చేర్చి లెక్కవేసుకోవాలి, ఎందుకంటే స్కోప్ ముందు జరిగినదే మనకు కనిపిస్తుంది, జరగగలిగినదంతా కాదు.

ఆ తేడా ఎంతటిదో 1981 ఏప్రిల్ 10న స్పేస్ షటిల్ చూపించింది. తొలి ప్రయాణానికి 20 నిమిషాలుందనగా, నాలుగు ప్రధాన కంప్యూటర్లతో ఐదోదైన బ్యాకప్ కంప్యూటరు కాలం కలుపుకోలేకపోయింది. ప్రయోగం ఆగిపోయింది. వెతికితే, ప్రధాన కంప్యూటర్లు స్విచ్ వేసినప్పుడు తమ తొలి చక్రాన్ని లెక్కించుకునే తీరులో పొరపాటు దొరికింది. అది ప్రతిసారీ రాదు, 67సార్లలో ఒకసారి వచ్చే అవకాశం. ఈ అంకెతో ఒక చిన్న లెక్క చేశాను. 60సార్లు ఆన్ చేసి పరీక్షించినా, ఆ లోపం ఒక్కసారి కూడా కనిపించకుండా తప్పించుకునే అవకాశం 40 శాతం. పరీక్షల్లో అన్నీ పాసయ్యాయన్న మాట మీద టైమింగ్ విషయంలో ఎందుకు ఆధారపడకూడదో ఇంతకన్నా వివరించనక్కర్లేదు. కంప్యూటర్లను మళ్లీ ఆన్ చేసి, ఏప్రిల్ 12న షటిల్ ఎగిరింది.

తీగల మీద కూడా సమయం ఖర్చవుతుంది. కార్లలో కంప్యూటర్లు మాట్లాడుకునే క్యాన్ బస్‌ను బాష్ కంపెనీ 1986లో పరిచయం చేసింది. సెకనుకు 5 లక్షల బిట్ల వేగంతో నడిచే బస్‌లో ఒక బిట్‌కు 2 మైక్రోసెకన్లు. 8 బైట్ల సందేశం, కలిపే అదనపు బిట్లతో సహా, 135 బిట్ల దాకా పోవచ్చు. అంటే 270 మైక్రోసెకన్లు. ఎంత ప్రాణావసరమైన సందేశమైనా, అప్పటికే బయల్దేరిన ఒక మామూలు సందేశాన్ని మధ్యలో ఆపలేదు. దాని వెనక ఆ 270 ఆగాల్సిందే.

పెద్దవాడు చిన్నవాడి కోసం ఆగిన రోజు

ఈ ఆగడం ఒక్కోసారి హద్దు లేకుండా సాగుతుంది. 1997 జులై 4న అంగారకుడి మీద దిగిన మార్స్ పాత్‌ఫైండర్, కొద్ది రోజులకే ఉన్నట్టుండి రీసెట్ కావడం మొదలుపెట్టింది. రీసెట్ అయిన ప్రతిసారీ ఆనాటి పని కొంత వాయిదా పడేది.

అందులో సెకనుకు 8సార్లు, అంటే ప్రతి 125 మిల్లీసెకన్లకు, సమాచార బస్ చక్రం తిరిగేది. ఆ బస్ డేటాను పంచే పనికి చాలా పెద్ద ప్రాధాన్యం. తరవాతి చక్రం మొదలయ్యేలోపు అది ముగిసిందో లేదో ఇంకో పని సరిచూసేది, ముగియకపోతే ఏదో ఘోరం జరిగిందని రీసెట్ చేసేది. వాతావరణ పరికరాల డేటా సేకరించే పనికి ప్రాధాన్యం తక్కువ. రెండూ ఒకే తాళాన్ని, మ్యూటెక్స్‌ను, వాడుకునేవి.

ఒక ఆఫీసును ఊహించుకోండి. రికార్డుగది తాళంచెవి జూనియర్ అసిస్టెంట్ చేతిలో ఉంది. కలెక్టరుకు అర్జంటుగా ఫైలు కావాలి, ఆ అబ్బాయి తాళంచెవి తెచ్చేవరకు ఆగాలి. ఇంతలో మధ్యస్థాయి అధికారులు ఒకరి తరవాత ఒకరు ఆ అబ్బాయికి తమ పనులు పురమాయిస్తున్నారు. వాళ్లకు కలెక్టరు ఎదురుచూస్తున్న సంగతి తెలియదు. పాత్‌ఫైండర్‌లో మధ్య ప్రాధాన్యమున్న పనులు సరిగ్గా అదే చేశాయి. వాతావరణ పనిని పక్కకు నెట్టి నడుస్తూ పోయాయి. తాళం విడుదల కాలేదు, 125 మిల్లీసెకన్లు దాటిపోయాయి.

మందు అప్పటికే ఉంది. లుయి షా, రగునాథన్ రాజ్‌కుమార్, జాన్ లెహోజ్కీ 1990లో ప్రచురించిన పత్రం దీని గురించే. తాళం పట్టుకున్న చిన్న పనికి, ఎదురుచూస్తున్న పెద్ద పని ప్రాధాన్యాన్ని తాళం వదిలేదాకా అరువివ్వాలి. నౌకలో వాడిన ఆపరేటింగ్ సిస్టమ్ వీఎక్స్‌వర్క్స్‌లో ఆ ఏర్పాటు ఉంది, ఆ ఒక్క తాళానికి మాత్రం ఆపేసి ఉంది. ఇంజినీర్లు భూమి మీది నకలు యంత్రంలో లోపాన్ని మళ్లీ పుట్టించి, అక్కడికి చిన్న సవరణ పంపి, దాన్ని ఆన్ చేశారు. రీసెట్లు ఆగిపోయాయి. ప్రయోగానికి ముందు పరీక్షల్లో కూడా ఇలాంటి రీసెట్ అరుదుగా కనిపించిందని, మళ్లీ పుట్టించలేక వదిలేశారని తరవాత బయటపడింది.

గడియారమే తప్పితే

ఇప్పటిదాకా చెప్పినవన్నీ గడియారం సరిగ్గా ఉందన్న నమ్మకం మీద నడిచినవి. ఆ నమ్మకం పోయిన చోట జరిగిన ఘోరం మరచిపోయేది కాదు. 1991 ఫిబ్రవరి 25న, గల్ఫ్ యుద్ధంలో, సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో ఇరాక్ స్కడ్ క్షిపణి అమెరికా సైనికుల బ్యారక్స్ మీద పడి 28 మంది చనిపోయారు. అడ్డుకోవాల్సిన పేట్రియట్ వ్యవస్థ దాన్ని పట్టుకోలేకపోయింది.

ఆ వ్యవస్థ కాలాన్ని సెకనులో పదోవంతుల లెక్కన కూడుకుంటూ పోతుంది. దాన్ని సెకన్లలోకి మార్చడానికి 0.1తో హెచ్చవేయాలి. 0.1ని బైనరీలో పూర్తిగా రాయలేం, 24 బిట్ల దగ్గర కోసేయాలి. కోసిన ముక్క విలువ సుమారు 0.000000095. ఆ వ్యవస్థ అప్పటికి 100 గంటలుగా ఆగకుండా నడుస్తోంది. అంటే 36 లక్షల పదోవంతులు. హెచ్చవేస్తే 0.34 సెకను. స్కడ్ వేగం సెకనుకు 1,676 మీటర్లు. మూడోవంతు సెకనులో అది అర కిలోమీటరుకు పైగా పోతుంది. రాడార్ వెతికిన చోట క్షిపణి లేదు.

నన్ను ఎక్కువగా కలచివేసేది ఆ తరవాతి సంగతి. ఫిబ్రవరి 11నే ఇజ్రాయెల్ నుంచి, 8 గంటలు నడిస్తేనే వెతికే చోటు 20 శాతం పక్కకు జరుగుతోందని సమాచారం వచ్చింది. ఫిబ్రవరి 21న వాడుకర్లకు హెచ్చరిక వెళ్లింది: చాలా ఎక్కువసేపు నడిపితే తేడా రావచ్చని. చాలా ఎక్కువసేపు అంటే ఎన్ని గంటలో అందులో లేదు. ఒక్క అంకె రాసి ఉంటే, మధ్యలో ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసేవాళ్లు. సరిచేసిన సాఫ్ట్‌వేర్ దహ్రాన్ చేరింది ఫిబ్రవరి 26న, మరుసటి రోజు.

ఇరవై నాలుగేళ్ల తరవాత, 2015లో, బోయింగ్ 787 విమానాల జనరేటర్ నియంత్రణ యూనిట్లలో అదే జాతి లోపం దొరికింది. సెకనులో వందోవంతులను లెక్కపెట్టే అంకె 31 బిట్లు నిండిపోతే, విద్యుత్తు ఆపకుండా 248 రోజులు గడిచాక నాలుగు యూనిట్లూ ఒక్కసారే పనిమానేయగలవు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ 120 రోజులకోసారి కరెంటు ఆపమని ఆదేశించింది. ఈసారి హెచ్చరికలో అంకె ఉంది.

వికారాబాద్ దారిలో

మన దగ్గర ఈ లెక్కలన్నీ ఒకేచోట కనిపించేది కవచ్‌లో. లోకో పైలట్ సిగ్నల్ దాటబోతున్నా, వేగం మించినా, ఎదుట ఇంకో బండి ఉన్నా తానే బ్రేకు వేసే ఈ వ్యవస్థను తొలుత పరీక్షించి, ఎక్కువగా అమర్చింది దక్షిణ మధ్య రైల్వేలోనే. 2024 నాటికి ఈ జోన్లో 1,465 కిలోమీటర్ల మార్గం దాని కిందికి వచ్చింది. 2022 మార్చి 4న వికారాబాద్ సెక్షన్‌లో గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య రెండు ఇంజన్లతో ప్రయోగం చేశారు. ఒకదానిలో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఉన్నారు. ముందున్న ఇంజనుకు 380 మీటర్ల దూరంలో ఆయన ఇంజను దానంతటదే ఆగింది.

గంటకు 160 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 44.4 మీటర్లు. పట్టాల మధ్య ట్యాగు చదవడం, రేడియోలో స్టేషనుతో మాట్లాడటం, లెక్క కట్టడం, బ్రేకు పైపులో గాలి ఒత్తిడి మారడం, ఒక్కోదానికీ కొంత సమయం పడుతుంది. గొలుసులో ఎక్కడ ఒక సెకను జారినా 44 మీటర్లు ఆ 380లోంచి పోతాయి. గాలి బ్రేకు పట్టడానికి పట్టే సెకన్లతో పోలిస్తే కంప్యూటరు వాటా చాలా చిన్నది. చిన్నదైనా అది ఇంతకు మించదని ఎవరో సంతకం చేసి చెప్పాలి. కవచ్‌కు ఇచ్చిన సిల్-4 భద్రతాస్థాయి కోరేది అటువంటి హామీనే: ప్రమాదకరమైన వైఫల్యం 10 కోట్ల గంటల్లో ఒకటి కన్నా తక్కువ. 10 కోట్ల గంటలంటే దాదాపు 11,400 ఏళ్లు. అంతకాలం పరీక్షించి చూసేవాళ్లెవరూ లేరు, కాబట్టి లెక్కతోనే నిరూపించాలి.

పనిముట్ల కొరత ఇప్పుడు లేదు. లినక్స్‌కు రియల్-టైమ్ గుణం తెచ్చే ప్రీఎంప్ట్-ఆర్‌టీ మార్పులు దాదాపు ఇరవై ఏళ్ల కృషి తరవాత 2024 నవంబరులో విడుదలైన 6.12 కెర్నల్‌లో భాగమయ్యాయి. చవక బోర్డు మీద కూడా వాడి చూడవచ్చు. అయితే ఏ కెర్నలూ మీ ప్రోగ్రాముకు గడువు ఎంతో చెప్పదు, మీరు రాసిన పొడుగు దారిని పొట్టి చేయదు.

హైదరాబాద్, బెంగళూరుల్లో వాహనాలకు, రైళ్లకు, వైద్య పరికరాలకు సాఫ్ట్‌వేర్ రాస్తున్న తెలుగు ఇంజినీర్లు వేలల్లో ఉన్నారు. వాళ్లకు నా విన్నపం ఇది. మీ చేతిలో ఉన్న పనికి గడువు ఎన్ని మిల్లీసెకన్లో, అతి చెడ్డ సందర్భంలో ఎన్ని పట్టిందో, గడువు దాటితే ముందు ఏ పనిని వదిలేస్తారో డిజైన్ పత్రంలో అంకెల్లో, పేర్లతో రాయండి. సాధారణంగా, దాదాపు, చాలా ఎక్కువసేపు అన్న మాటలు అక్కడ కనిపిస్తే కొట్టేసి, వాటి స్థానంలో కొలిచిన అంకె వచ్చేదాకా సంతకం పెట్టకండి.